అమెరికా ప్రభుత్వం ఎందుకు మూతపడుతుంది? రాజ్యాంగం చెప్పినదెంత, తర్వాత చేరినదెంత

సంక్షిప్తంగా: చట్టసభ ఆమోదం లేనిదే ఖజానా నుంచి సొమ్ము తీయకూడదని అమెరికా రాజ్యాంగం శాసిస్తుంది. ఆ ఆమోదం ఆలస్యమైతే కార్యాలయాలకు తాళం వేయాలని మాత్రం అది ఎక్కడా చెప్పలేదు. రాజ్యాంగంలోని ఆ ఒక్క వాక్యానికి 19వ శతాబ్దపు చట్టం ఒకటి, 1980లో వెలువడిన న్యాయ సలహా ఒకటి, ఏటేటా నిధులు మంజూరు చేసే పద్ధతి, సెనేట్‌లోని 60 ఓట్ల నిబంధన తోడుకావడంతో షట్‌డౌన్ పుట్టింది. పార్లమెంటరీ దేశాల్లో ఇదే తగాదా వస్తే ప్రభుత్వం పడిపోతుంది. అమెరికాలో బడ్జెట్ ఓడినంత మాత్రాన ప్రభుత్వం దిగిపోదు కాబట్టి కార్యాలయాలు ఆగిపోతాయి.

2025 అక్టోబరు 1న మొదలైన అమెరికా ప్రభుత్వ షట్‌డౌన్ నవంబరు 12 దాకా, మొత్తం 43 రోజులు సాగింది. అప్పటివరకు జరిగినవాటిలో అంత దీర్ఘమైనది మరొకటి లేదు. సుమారు 14 లక్షల మంది ఫెడరల్ ఉద్యోగుల జీతాలు ఆగిపోగా, వారిలో దాదాపు సగం మంది బలవంతపు సెలవు మీద ఇళ్లలో కూర్చున్నారు, తక్కినవారు జీతం అందకుండానే విధులకు హాజరయ్యారు. ఇదంతా చూసినవారికి సహజంగా కలిగే మొదటి అనుమానం, అమెరికా ఖజానాలో డబ్బు అయిపోయిందా అని. అయిపోలేదు. ఆ 43 రోజులూ పన్నులు వసూలవుతూనే ఉన్నాయి, ప్రభుత్వ బాండ్లు అమ్ముడవుతూనే ఉన్నాయి, అప్పుల మీద వడ్డీ గడువు తప్పకుండా చెల్లిస్తూనే ఉన్నారు. లేనిదల్లా ఆ సొమ్మును ఖర్చుపెట్టడానికి కావలసిన చట్టబద్ధమైన అనుమతి.

తరచూ వార్తల్లో వినిపించే అప్పుల పరిమితి వివాదం దీనికి పూర్తిగా వేరు. అక్కడ ఖర్చుకు అనుమతి ఉంటుంది గాని, అందుకోసం కొత్త అప్పు తెచ్చే అధికారం ఉండదు. షట్‌డౌన్‌లో అప్పు తేగలిగినా ఖర్చుపెట్టే అధికారం ఉండదు. మొదటిది ముదిరితే దేశం బాకీలు ఎగవేసే ప్రమాదం వస్తుంది, రెండోది ముదిరితే కార్యాలయాలు ఆగుతాయి. ఈ రెండూ ఒకే రుతువులో తలెత్తడం వల్ల పాఠకుల్లో గందరగోళం ఏర్పడుతోంది.

ఖజానా తాళం చట్టసభ చేతికి ఎలా వచ్చింది

అమెరికా రాజ్యాంగం ఒకటో అధికరణం తొమ్మిదో విభాగంలో ఒక చిన్న నిబంధన ఉంది. చట్టం ద్వారా చేసిన కేటాయింపులకు లోబడి తప్ప ఖజానా నుంచి ఏ సొమ్మూ తీయరాదన్నది దాని సారాంశం. 1787లో ఫిలడెల్ఫియాలో ఈ వాక్యం రాసినవారి వెనుక నూరేళ్లకు పైబడిన అనుభవం ఉంది. ఇంగ్లండులో స్టువార్ట్ వంశపు రాజులు పార్లమెంటు సమ్మతి లేకుండా పన్నులు వసూలు చేయబోవడం, అది అంతర్యుద్ధానికి దారితీసిన కారణాల్లో ఒకటి కావడం, చివరికి 1689 నాటి హక్కుల చట్టం ఆ దారి మూసేయడం వారికి బాగా తెలుసు. అమెరికన్ వలసల్లోని శాసనసభలైతే లండన్ నుంచి వచ్చిన గవర్నర్ల జీతాలు నిలిపివేసి వారిని దారికి తెచ్చుకున్న సందర్భాలు అనేకం. ఖజానా మీద అధికారమే ప్రజాప్రతినిధులకు రాజ్యాంగం ఇవ్వగల అత్యంత సమర్థమైన ఆయుధమని 1788లో జేమ్స్ మాడిసన్ వాదించాడు. కాబట్టి కార్యనిర్వాహక వర్గం మీద ఒత్తిడి తేవడానికి నిధులను వాడుకోవడం రాజ్యాంగ నిర్మాతలు ఊహించని విపరీతమేమీ కాదు. వారు కోరుకున్నదే అది.

అయితే ఆ వాక్యం చెప్పని విషయాలు కూడా అంతే ముఖ్యం. కేటాయింపులు ఏటా చేయాలని అది అనలేదు. ఒక్క సైన్యం విషయంలో మాత్రం రెండేళ్లకు మించిన కేటాయింపు చేయరాదని రాజ్యాంగం ప్రత్యేకంగా పేర్కొంది. శాశ్వత సైన్యం రాజు చేతి కత్తిగా మారుతుందన్న భయం అప్పట్లో బలంగా ఉండేది. మిగతా ఖర్చులకు అలాంటి గడువు లేదు. వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థకు ఫెడరల్ రిజర్వ్ నుంచి ఏటా నేరుగా నిధులు వెళ్లే ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమన్న వ్యాజ్యంలో 2024లో సుప్రీంకోర్టు 7–2 మెజారిటీతో తీర్పునిస్తూ, సొమ్ము ఎక్కడి నుంచి తీయాలో, దేనికి వాడాలో చెప్పే చట్టం ఉంటే చాలునని స్పష్టం చేసింది. అంటే అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ (ప్రతినిధుల సభ, సెనేట్) తలచుకుంటే విమానాశ్రయ భద్రతకో, జాతీయ పార్కులకో గడువు లేని కేటాయింపు చేయడానికి రాజ్యాంగం అడ్డురాదు. ఏటేటా బిల్లు పెట్టడం కాంగ్రెస్ తనకు తాను ఉంచుకున్న పట్టు.

1884 నాటి చట్టం, 1980 నాటి సలహా

కేటాయింపు లేకపోతే ఖర్చు పెట్టకూడదని రాజ్యాంగం చెప్పింది సరే, ఉద్యోగి పనికి రాకూడదని ఎవరు చెప్పారు? దీనికి జవాబు యాంటీ డెఫిషియెన్సీ చట్టంలో ఉంది. అమెరికా అంతర్యుద్ధానికి (1861–65) ముందూ తర్వాతా అక్కడి ప్రభుత్వ శాఖలకు ఒక అలవాటు ఉండేది. ఏడాదికి ఇచ్చిన నిధులను ముందే ఖర్చుచేసి, లేదా నిధులకు మించి కాంట్రాక్టులు రాసుకుని, ఆ తర్వాత కాంగ్రెస్ గుమ్మం ముందు నిలబడేవి. పని జరిగిపోయింది, సరుకు అందింది, ఇక డబ్బు ఇవ్వనంటే ప్రభుత్వ పరువు పోతుంది. అలా ఖజానా అధికారం కాగితాలకు పరిమితమైపోయింది. ఈ పోకడను అరికట్టడానికి 1870లో తొలి నిషేధం వచ్చింది. 1884లో మరో నిబంధన చేరింది. ప్రాణరక్షణ, ఆస్తిరక్షణ వంటి అత్యవసరాల్లో తప్ప ప్రభుత్వం ఎవరి నుంచీ ఉచిత సేవ స్వీకరించరాదన్నది దాని ఆదేశం. ఉచితంగా చేస్తామన్నవారు తర్వాత జీతం బాకీ అడుగుతారన్నదే అందులోని శంక. 1905, 1906 సవరణలతో నిబంధనలు ఇంకా బిగిశాయి. తెలిసీ ఉల్లంఘించిన అధికారికి 5,000 డాలర్ల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు.

ఇంత కఠినమైన చట్టం ఉన్నా దాదాపు వందేళ్లపాటు దాని వల్ల కార్యాలయాలు మూతపడలేదు. 1974లో కొత్త బడ్జెట్ చట్టం తెచ్చి, ఆర్థిక సంవత్సరం ఆరంభాన్ని జూలై 1 నుంచి అక్టోబరు 1కి మార్చిన తర్వాత, 1976 నుంచి 1979 మధ్య ఆరుసార్లు నిధుల చట్టాలు గడువుకు అందలేదు. ఒక్కో విరామం ఎనిమిది రోజుల నుంచి రెండున్నర వారాల వరకు సాగింది. శాఖాధిపతులు ప్రయాణాలు, కొత్త నియామకాలు ఆపి, మిగతా పని నడిపించారు. నేడో రేపో కాంగ్రెస్ నిధులు ఇస్తుంది, కార్యాలయాలు మూయాలన్నది దాని ఉద్దేశం కాదు అన్న భావన మీద వ్యవస్థ సాగిపోయింది.

1980 ఏప్రిల్ 25న ఆ భావన తలకిందులైంది. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి ఇచ్చిన న్యాయ సలహా చట్టాన్ని అక్షరాలా చదివింది. నిధుల గడువు ముగిసిన శాఖ తన పనిని క్రమపద్ధతిలో ముగించడానికి అవసరమైనంత వరకే ఖర్చు చేయగలదని, అంతకు మించి ఉద్యోగులను పనిలో ఉంచుకోవడం నేరమని అందులో ఉంది. వారం తిరగకుండానే దానికి పరీక్ష ఎదురైంది. మే 1న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిధుల గడువు తీరిపోవడంతో ఆ సంస్థ తన 1,600 మంది సిబ్బందిని ఇళ్లకు పంపింది. ఒక్క రోజులోనే కాంగ్రెస్ కదిలి నిధులు ఇచ్చినా, నిధుల తగాదా వల్ల ఒక అమెరికన్ ప్రభుత్వ సంస్థ మూతపడటం అదే మొదటిసారి.

పూర్తిగా మూసేస్తే దేశం నడవదని వెంటనే అర్థమైంది. 1981 జనవరిలో సివిలెట్టి రెండో సలహా ఇచ్చి, ప్రాణాలకు, ఆస్తికి రక్షణ కల్పించే పనులు, అధ్యక్షుడి రాజ్యాంగ విధులు, ఇతర చట్టాలు తప్పనిసరి చేసే పనులు కొనసాగవచ్చని మినహాయింపులు గీశారు. 1990లో కాంగ్రెస్ ఆ గీతను మరికాస్త బిగించి, ఆపితే తక్షణ ప్రమాదం లేని రోజువారీ పనులు అత్యవసరాల కిందికి రావని చట్టంలోనే రాసింది. నేటికీ షట్‌డౌన్ వచ్చిన ప్రతిసారీ ఎవరు రావాలి, ఎవరు ఇంట్లో ఉండాలి అని తేల్చేది ఈ రెండు సలహాలు, ఆ ఒక్క సవరణే. షట్‌డౌన్ రాజ్యాంగ లోపమని అనేవారు, రాజ్యాంగ ఘనత అని అనేవారు ఇద్దరూ ఈ ఘట్టాన్ని దాటవేస్తున్నారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన తర్వాత 190 ఏళ్లకు గాని షట్‌డౌన్ పుట్టలేదు.

గడువుకు బిల్లులు ఎందుకు అందవు

అమెరికా వార్షిక వ్యయం 12 వేర్వేరు బిల్లుల ద్వారా మంజూరు కావాలి. ప్రస్తుత పద్ధతి మొదలైన నాటి నుంచి ఇవన్నీ సకాలంలో పూర్తయిన సందర్భాలు నాలుగంటే నాలుగు. చివరిసారి అలా జరిగింది 1996లో. మిగతా ఏళ్లన్నీ పాత స్థాయిలోనే ఖర్చును కొన్ని వారాలకో నెలలకో పొడిగించే తాత్కాలిక కొనసాగింపు తీర్మానాల మీద గడిచాయి. ఆ తీర్మానం కూడా చట్టమే కాబట్టి ప్రతినిధుల సభ, సెనేట్, అధ్యక్షుడు ముగ్గురూ సమ్మతించాలి.

ఈ ముగ్గురి ఎన్నికల గడియారాలు వేర్వేరుగా తిరుగుతాయి. ప్రతినిధుల సభ పదవీకాలం రెండేళ్లు, అధ్యక్షుడిది నాలుగేళ్లు, సెనేటర్లది ఆరేళ్లు. మూడు చోట్లా ఒకే పార్టీ ఉండాలన్న నియమమేదీ లేదు. అయితే 2025 అనుభవం మరో సంగతి బయటపెట్టింది. అప్పుడు అధ్యక్ష పదవి, రెండు సభలూ రిపబ్లికన్ల చేతుల్లోనే ఉన్నాయి, అయినా షట్‌డౌన్ వచ్చింది. సెనేట్‌లో చర్చను ముగించి ఓటింగ్‌కు వెళ్లాలంటే 100 మందిలో 60 మంది మద్దతు కావాలి, రిపబ్లికన్ల బలం 53. ఈ 60 ఓట్ల నిబంధన రాజ్యాంగంలో లేదు, సెనేట్ తన సొంత నియమావళిలో రాసుకున్నది. 1975కు ముందు ఇది మూడింట రెండొంతులుగా ఉండేది. పన్నులు, తప్పనిసరి వ్యయాలకు సంబంధించిన కొన్ని బిల్లులను సాధారణ మెజారిటీతో నెగ్గించుకునే ప్రత్యేక దారి ఉన్నా, ఏటేటా వచ్చే నిధుల బిల్లులకు అది వర్తించదు. మైనారిటీలో ఉన్న పార్టీకి బేరమాడే బలం అక్కడి నుంచే వస్తోంది.

ఏది ఆగుతుంది, ఏది నడుస్తుంది

ఫెడరల్ వ్యయంలో పెద్ద భాగం అసలు వార్షిక బిల్లుల కిందికే రాదు. వృద్ధులకు నెలనెలా అందే సోషల్ సెక్యూరిటీ, 65 ఏళ్లు దాటినవారి వైద్యానికి ఉద్దేశించిన మెడికేర్, అప్పుల మీద వడ్డీ శాశ్వత చట్టాల కింద నడుస్తాయి. ఈ తేడా ఎంత బలమైనదో 2013 చూపించింది. ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టాన్ని అడ్డుకోవాలని ప్రతినిధుల సభలోని రిపబ్లికన్లు నిధులు బిగపట్టడంతో అక్టోబరు 1న ప్రభుత్వం మూతపడింది. అదే రోజు ఆ చట్టం కింద బీమా పాలసీలు అమ్మే మార్కెట్లు తెరుచుకున్నాయి. దేన్ని ఆపడానికి షట్‌డౌన్ తెచ్చారో దానికి శాశ్వత కేటాయింపు ఉంది కాబట్టి అది ఆగలేదు, దానితో సంబంధం లేని పార్కులు, ప్రయోగశాలలు ఆగిపోయాయి.

షట్‌డౌన్ మొదటి రోజు దృశ్యం ఒక పద్ధతిలో సాగుతుంది. బలవంతపు సెలవులో పడిన ఉద్యోగి కూడా ఆ ఉదయం కార్యాలయానికి రావచ్చు గాని, సుమారు నాలుగు గంటలకు మించి ఉండరాదు. ఈమెయిల్‌కు ఆటోమేటిక్ జవాబు పెట్టడం, ఫైళ్లు భద్రపరచడం, సెలవు నోటీసు అందుకోవడం, అంతే పని. ఆ తర్వాత ఇంటి నుంచి ఆఫీసు మెయిల్ చూసుకోవడం కూడా నిషిద్ధం, అది 1884 నిబంధన కింద ఉచిత సేవ అవుతుంది. మరోవైపు విమానాల రాకపోకలను నియంత్రించేవారు, విమానాశ్రయాల్లో తనిఖీ సిబ్బంది, జైళ్ల కాపలాదారులు, సరిహద్దు దళాలు అత్యవసరాల కిందికి వస్తారు కాబట్టి విధులకు రావలసిందే. రెండు వారాలకోసారి వచ్చే వారి జీతపు పత్రంలో సున్నా ఉంటుంది.

ఎవరి జీతం ఆగదు అన్న ప్రశ్నకు జవాబు చాలామందికి మింగుడుపడదు. అధ్యక్షుడి జీతాన్ని పదవీకాలం మధ్యలో తగ్గించరాదని, ఫెడరల్ న్యాయమూర్తుల జీతాలకు కోత పెట్టరాదని రాజ్యాంగమే చెబుతుంది. కాంగ్రెస్ సభ్యుల జీతాలకు 1980ల ఆరంభం నుంచి శాశ్వత కేటాయింపు ఉంది. నిధులు ఆపినవారికి నిధులు ఆగవు. ఉద్యోగులకు మాత్రం 2019 చట్టం ప్రకారం షట్‌డౌన్ ముగిశాక పాత బకాయి చెల్లించాలి. అంటే చేయని పనికి కూడా ప్రభుత్వం చివరికి పూర్తి జీతం ఇస్తుంది, కాబట్టి షట్‌డౌన్ వల్ల ఖజానాకు మిగిలేదేమీ ఉండదు. కార్యాలయాల క్యాంటీన్లలో, పారిశుద్ధ్యంలో, కాపలాలో పనిచేసే కాంట్రాక్టు కార్మికులకు ఆ చట్టం వర్తించదు. నిజంగా నష్టపోయేది వారే.

పెద్ద ప్రతిష్టంభనలు చెప్పేది

1981 నుంచి షట్‌డౌన్లు చాలానే వచ్చినా వాటిలో అనేకం ఒకటి రెండు రోజుల్లో, కొన్ని వారాంతంలోనే ముగిశాయి. 1995–96 శీతాకాలంలో బిల్ క్లింటన్‌కూ, న్యూట్ గింగ్రిచ్ నాయకత్వంలోని ప్రతినిధుల సభకూ మధ్య ఏడేళ్లలో బడ్జెట్ లోటు తుడిచేసే ప్రణాళిక మీద, మెడికేర్ ప్రీమియం మీద రేగిన వివాదం మొదట అయిదు రోజులు, తర్వాత 21 రోజులు కార్యాలయాలను మూయించింది. ప్రజల కోపం ఎక్కువగా రిపబ్లికన్ల మీదికి మళ్లింది. 2013 నాటిది 16 రోజులకు ముగిసింది, ఆరోగ్య బీమా చట్టం చెక్కుచెదరలేదు.

2018 డిసెంబరు 22న మొదలై 35 రోజులు సాగినది మెక్సికో సరిహద్దు గోడకు 570 కోట్ల డాలర్లు కావాలన్న డొనాల్డ్ ట్రంప్ పట్టుదల వల్ల వచ్చింది. 12 బిల్లుల్లో రక్షణ శాఖది సహా అయిదు అప్పటికే ఆమోదం పొందడంతో అది పాక్షిక షట్‌డౌన్. సైన్యానికి జీతాలు అందాయి గాని, హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఉండే కోస్ట్ గార్డ్‌కు అందలేదు. 2019 జనవరి 25న విమాన నియంత్రణ సిబ్బంది కొరతతో న్యూయార్క్ లగార్డియా విమానాశ్రయానికి రావలసిన విమానాలను కాసేపు ఆపేశారు. అదే రోజు ట్రంప్ గోడ నిధులు లేకుండానే తాత్కాలిక బిల్లుపై సంతకం చేశారు. కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం లెక్క ప్రకారం ఆ 35 రోజుల వల్ల ఆర్థిక వ్యవస్థ 1,100 కోట్ల డాలర్ల ఉత్పత్తి కోల్పోయింది, అందులో 300 కోట్లు ఎప్పటికీ తిరిగిరావు.

2025లో పట్టుబట్టింది డెమొక్రాట్లు. ఆరోగ్య బీమా ప్రీమియంలకు ఇస్తున్న అదనపు పన్ను రాయితీ ఆ ఏడాది చివరితో ముగిసిపోతుంది, దాన్ని పొడిగిస్తేనే మద్దతిస్తామన్నది వారి షరతు. నవంబరు వచ్చేసరికి 4 కోట్లకు పైగా పేదలకు ఆహారం కొనుగోలుకు ఇచ్చే స్నాప్ సాయం ఆగి, వివాదం కోర్టులకెక్కింది. నవంబరు 7 నుంచి 40 పెద్ద విమానాశ్రయాల్లో విమానాల సంఖ్య తగ్గించమని ఆదేశాలు వచ్చాయి. 1948 నుంచి నెలనెలా తెగకుండా వస్తున్న నిరుద్యోగ రేటు గణాంకం అక్టోబరు నెలకు లేకుండా పోయింది, అప్పుడు సర్వే చేయవలసిన సిబ్బంది ఇళ్లలో ఉన్నారు. చివరికి డెమొక్రాటిక్ పక్షం నుంచి ఎనిమిది మంది కలిసిరావడంతో సెనేట్‌లో 60–40తో, ప్రతినిధుల సభలో 222–209తో బిల్లు గట్టెక్కింది. రాయితీ మీద డిసెంబరులో ఓటింగ్ పెడతామన్న హామీ మాత్రమే వారికి దక్కింది. ఆ ఓటింగ్ జరిగింది, 60 ఓట్లు రాలేదు.

షరతు పెట్టిన పక్షానికి, అది ఏ పార్టీ అయినా, అడిగినది దక్కకపోవడం ఈ నాలుగింటిలోనూ కనిపిస్తుంది. అయినా అస్త్రాన్ని వదలకపోవడానికి కారణం ఉంది. కోరిక నెరవేరకపోయినా ఆ అంశం దేశమంతటా చర్చకు వస్తుంది, సొంత పార్టీ శ్రేణులకు పోరాడిన తృప్తి మిగులుతుంది, తర్వాతి ఎన్నికల్లో దానికి విలువ ఉంటుందన్న అంచనా ఉంటుంది.

భారత్‌లో ఇలా ఎందుకు జరగదు

భారత రాజ్యాంగంలోనూ ఇదే కట్టుబాటు ఉంది. ద్రవ్య వినియోగ చట్టం లేనిదే సంచిత నిధి నుంచి రూపాయి కూడా తీయరాదని 114వ అధికరణం శాసిస్తుంది. తేడా చుట్టూ ఉన్న ఏర్పాట్లలో ఉంది. బడ్జెట్ ఆలస్యమైతే 116వ అధికరణం కింద ఓటాన్ అకౌంట్ ద్వారా కొన్ని నెలలకు నిధులు తీసుకోవచ్చు. ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 రోజులకు మించి ఆపలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, లోక్‌సభ నిధులు నిరాకరిస్తే అది ప్రభుత్వం మీద అవిశ్వాసమే అవుతుంది. మంత్రివర్గం దిగిపోతుంది, కొత్తది వస్తుంది లేదా ఎన్నికలు జరుగుతాయి. ప్రతిష్టంభన వారాల తరబడి సాగే అవకాశమే ఉండదు. ఆస్ట్రేలియాలో 1975లో సెనేట్ నిధుల బిల్లును ఆపినప్పుడు గవర్నర్ జనరల్ జాన్ కెర్ ప్రధాని గాఫ్ విట్లమ్‌ను నవంబరు 11న పదవి నుంచి తొలగించారు. కొత్త ప్రధాని నియామకంతో నిధులు వచ్చాయి, ఎన్నికలు జరిగాయి. ఆ తొలగింపు న్యాయమా కాదా అన్న వాదన ఆ దేశంలో నేటికీ ఆరలేదు గాని, కార్యాలయాలకు మాత్రం తాళాలు పడలేదు.

భారతీయ పద్ధతికీ కొన్ని సందులు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఒక చిన్న నమూనా కనిపించింది. కరోనా కారణంగా ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడు నెలల ఖర్చుకు ఓటాన్ అకౌంట్ ఆర్డినెన్సు తెచ్చారు. జూన్‌లో శాసనసభ బడ్జెట్‌ను ఆమోదించింది. శాసన మండలి మాత్రం ఇతర బిల్లుల మీద అధికార, ప్రతిపక్షాల మధ్య రేగిన రగడలో జూన్ 17న ద్రవ్య వినియోగ బిల్లును ఆమోదించకుండానే నిరవధికంగా వాయిదా పడింది. 14 రోజులు గడిస్తే బిల్లు రెండు సభలూ ఆమోదించినట్టే లెక్క. అయితే ఆ గడువు తీరేలోపే జూన్ నెల ముగిసి, ఖజానా నుంచి సొమ్ము తీసే అధికారం లేకుండా పోయింది. జూలై ఒకటిన ఉద్యోగులకు జీతాలు, విశ్రాంత ఉద్యోగులకు పింఛన్లు అందలేదు. గవర్నర్ ఆమోదముద్ర పడ్డాక కొద్ది రోజుల ఆలస్యంతో అందాయి. అప్పుడు కార్యాలయాలేవీ మూతపడలేదు, ఎవరినీ ఇంటికి పంపలేదు. నిధుల అనుమతి తెగినా ఉద్యోగి పనిచేయడం నేరం కాదు కాబట్టి తగాదా జీతాల ఆలస్యంతో ఆగిపోయింది. 1980కి ముందు అమెరికాలో జరిగింది కూడా ఇంచుమించు ఇదే.

తెలుగువారికి తగిలే చోటు

అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న, చేయాలనుకుంటున్న తెలుగువారి మీద షట్‌డౌన్ ప్రభావం ఏ శాఖకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. వలస దరఖాస్తులు పరిశీలించే యూఎస్‌సీఐఎస్ దాదాపు పూర్తిగా దరఖాస్తుదారుల ఫీజుల మీద నడుస్తుంది కాబట్టి ఆగదు. హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూలు కూడా ఫీజుల ఆదాయంతోనే జరుగుతాయి. చిక్కంతా కార్మిక శాఖ దగ్గర. హెచ్–1బీ దరఖాస్తుకు ముందు యజమాని ఆ శాఖ నుంచి ఎల్‌సీఏ (జీతం, పని పరిస్థితులపై దరఖాస్తు) ధ్రువీకరణ తెచ్చుకోవాలి, గ్రీన్‌కార్డు ప్రక్రియలో తొలి మెట్టు అయిన పెర్మ్ కూడా అక్కడే. ఆ శాఖ వార్షిక నిధుల మీద ఆధారపడింది. 2025 అక్టోబరు 1న ఆ పోర్టల్ ఆగిపోయింది, షట్‌డౌన్ ముగియకముందే నెలాఖరులో తిరిగి తెరిచారు. ఆ నెలలో కంపెనీ మారాలనుకున్నవారికి, వీసా గడువు దగ్గరపడినవారికి ఇబ్బంది ఎదురైంది. 2018–19లో కార్మిక శాఖ బిల్లు ముందే ఆమోదం పొందడంతో ఈ సమస్య రాలేదు. కాబట్టి షట్‌డౌన్ వార్త విన్నప్పుడు ముందుగా చూడవలసింది 12 బిల్లుల్లో ఏవి ఆమోదం పొందాయన్నదే.

మూత మధ్యలో అధ్యక్షుడి చేయి

2025 షట్‌డౌన్ మరో కొత్త ప్రశ్న లేవనెత్తింది. నిధులు ఆపడం చట్టసభ ఆయుధమనుకుంటే, ఆ సమయాన్ని అధ్యక్షుడు తన ప్రాధాన్యాలకు వాడుకుంటే ఏమవుతుంది? అక్టోబరు మధ్యలో రక్షణ శాఖ పరిశోధన ఖాతాలోని సొమ్మును మళ్లించి సైనికులకు జీతాలు ఇచ్చారు. వేల సంఖ్యలో ఉద్యోగులను శాశ్వతంగా తొలగిస్తూ నోటీసులు జారీ చేశారు. కోర్టు వాటిని నిలిపివేయగా, నవంబరు చట్టం వాటిని రద్దుచేసింది. షట్‌డౌన్‌కు ముందే కాంగ్రెస్ మంజూరు చేసిన దాదాపు 490 కోట్ల డాలర్ల విదేశీ సాయాన్ని ఆర్థిక సంవత్సరం ముగిసేదాకా ఖర్చుపెట్టకుండా నిలిపి, అది మురిగిపోయేలా చేశారు. నిక్సన్ హయాంలో ఇలాంటి నిలుపుదలలకు అడ్డుకట్టగా వచ్చిందే 1974 నాటి చట్టం. ఒప్పందం కుదిరి చట్టమైన నిధులను కూడా తర్వాత ఆపేయగలిగితే, బేరసారాల్లో ఇచ్చిన మాటకు విలువ ఏముంటుందన్న ప్రతిపక్షం వాదన అక్కడి నుంచే పుట్టింది. ఇది పార్టీల గొడవగా కనిపించినా లోపల ఉన్నది గట్టి సమస్యే. కేటాయించిన సొమ్ము ఖర్చవుతుందన్న నమ్మకం సడలితే రాజీకి రావడానికి కారణమే తగ్గిపోతుంది.

దారులు, వాటి ఖరీదు

షట్‌డౌన్‌ను రాజ్యాంగ సవరణ లేకుండానే అరికట్టే మార్గాలు ఉన్నాయి. విస్కాన్సిన్ రాష్ట్రంలో కొత్త బడ్జెట్ ఆలస్యమైతే పాత స్థాయిలోనే ఖర్చు దానంతటదే కొనసాగుతుంది. ఫెడరల్ స్థాయిలోనూ అలాంటి ఏర్పాటు చేయాలన్న ప్రతిపాదనలు దశాబ్దాలుగా వస్తూనే ఉన్నాయి. రిపబ్లికన్ సెనేటర్ జేమ్స్ లాంక్‌ఫోర్డ్, డెమొక్రాటిక్ సెనేటర్ మ్యాగీ హసన్ 2019 నుంచి ప్రవేశపెడుతున్న బిల్లు ప్రకారం, గడువు దాటితే 14 రోజుల చొప్పున నిధులు వాటంతటవే పొడిగింపు పొందుతాయి, బడ్జెట్ పూర్తయ్యేదాకా సభ్యులు వాషింగ్టన్ విడిచి వెళ్లరాదు. సెనేట్ 60 ఓట్ల నిబంధనను ఎత్తివేయాలని 2025లో ట్రంప్ కోరగా, రేపు తాము మైనారిటీలో పడితే రక్షణ ఉండదన్న ఆలోచనతో సొంత పార్టీ సెనేటర్లే అంగీకరించలేదు.

ఆటోమేటిక్ పొడిగింపు మీద అభ్యంతరం వచ్చేది నిధుల కమిటీల సభ్యుల నుంచే. పాత స్థాయి ఖర్చు దానంతటదే కొనసాగితే, ఆ స్థాయితో తృప్తిపడే పక్షానికి చర్చలకు రావలసిన అవసరం ఉండదు. తాత్కాలిక తీర్మానాల కింద సాధారణంగా కొత్త పథకాలు, కొత్త ఆయుధ కొనుగోళ్లు మొదలుపెట్టే వీలు లేదు. కాలం చెల్లిన పథకానికి నిధులు మాత్రం ఆగవు. అధ్యక్షుడు కొత్త బిల్లును వీటో చేసినా ప్రభుత్వం ఆగదు కాబట్టి, ఖర్చు పెంచాలన్నా, తగ్గించాలన్నా, ఒక విధానాన్ని మార్చాలన్నా కాంగ్రెస్‌కు అధ్యక్షుడి మీద ఉన్న పట్టు సడలుతుంది. షట్‌డౌన్ వల్ల ఎక్కువగా నలిగేది ఉద్యోగులు, పేదలు అయినా, దాన్ని తొలగిస్తే తగ్గేది తమ అధికారమని భావించేవారే ఆ బిల్లుపై ఓటు వేయవలసినవారు.